చొప్పదండి నుండి శాసనసభకు : ఒక సభ్యుని జీవితము, ఒక కౌలు రైతు ప్రశ్న



ఒక వానాకాలమున చొప్పదండి దాపున ఉన్న పల్లెకు పంట నమోదు కొరకు పోయినాను. నాట్లు పడి నెల దాటినది. గట్టు మీద నిలిచి సర్వే నంబరు చూచి, వేసిన పంట వ్రాసికొనుచున్నాను. ఆ మడిలో కలుపు తీయించుచున్న ఒక వృద్ధ రైతు దగ్గరకు వచ్చినాడు.

"సారూ, ఎవరి పేరు రాస్తున్నరు?" అని అడిగినాడు. పట్టాదారు పేరు చెప్పినాను.

"ఆయన పట్నంల ఉంటడు. ఏడేండ్ల సంది నేనే దున్నుతున్న. మరి నా పేరు?"

నా చేతిలో ఉన్నది పట్టాదారుల జాబితా. అందులో ఆయన పేరు లేదు. ఆ మాటే చెప్పినాను.

"ఎమ్మెల్యేకు చెప్తె రాస్తడా?"

"ఎమ్మెల్యే గారు రాయరు పెద్దయ్యా. ఆ అధికారం వారికి లేదు."

"మరి ఎమ్మెల్యే ఉన్నది ఎందుకు?" అని అడిగి, నా జవాబు కొరకు చూడకయే మడిలోనికి దిగినాడు.

ఆనాడు గట్టు మీద సరియైన జవాబు నాకు తోచలేదు. ఇప్పుడు మీ ముందు చెప్పుటకు ప్రయత్నించుచున్నాను. ఇందుకు ఈ చొప్పదండి నుండియే తొలిసారి శాసనసభకు పోయిన ఒక సభ్యుని జీవితమును ఆధారముగా తీసికొన్నాను. ఆయన కీర్తిశేషులు శ్రీ చెన్నమనేని రాజేశ్వరరావు గారు. ఒక పార్టీని పొగడుటకుగాని, మరొక పార్టీని తెగడుటకుగాని ఈ వ్యాసము వ్రాయలేదు. శాసనసభ్యుడు చేయగలిగిన పని ఏది, చేయలేని పని ఏది, ఆ మిగిలిన పని ఎవరిది అను విషయము మనకు తెలియవలెనని వ్రాసినాను.

వేములవాడ సీమ నుండి

రాజేశ్వరరావు గారు 1923 ఆగస్టు 31న జన్మించినారు. వారిది వేములవాడ ప్రాంతమున భూవసతి గల కుటుంబము. ఆనాడు మన ప్రాంతము నిజాము ఏలుబడిలో ఉన్నది. భూమి కొన్ని ఇండ్లలో కుప్పపడి ఉన్నది. దున్నువాడు ఒకడు, పంట ఇంటికి చేర్చుకొనువాడు మరొకడు. కూలి ఇయ్యకుండ చేయించుకొను వెట్టి ఊరూర ఉన్నది. పటేలు, పట్వారీ వ్రాసినదే లెక్క. చదువు రాని రైతు తన పేరు ఆ లెక్కలో ఉన్నదో లేదో తెలిసికొనుటకు కూడ దారి లేదు.

భూమి ఉన్న ఇంటిలో పుట్టినవాడు భూమి లేనివాని పక్షము వహించుట ఆనాడు సులభమైన పని కాదు. రాజేశ్వరరావు గారు కమ్యూనిస్టు ఉద్యమములో చేరి, తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొన్నారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత దేశములో కలిసినది. 1949 ఆగస్టులో జాగీరులు రద్దైనవి. 1951 అక్టోబరులో సాయుధ పోరాటమును విరమించినారు. అటు పిమ్మట ఆ ఉద్యమము వారు ఎన్నికల దారి పట్టినారు. 1952లో సిరిసిల్ల ప్రాంతమువారే అయిన శ్రీ బద్దం ఎల్లారెడ్డి గారు కరీంనగరు నుండి లోక్‌సభకు ఎన్నికైనారు.

తుపాకి దించి ఓటు పెట్టెను నమ్ముకొనుట ఒక పెద్ద మలుపు. దున్నువానికి భూమి ఎట్లు దక్కునన్న ప్రశ్న మాత్రము మారలేదు. అది అడవి విడిచి శాసనసభకు చేరినది.

1957 : చొప్పదండి పంపిన సభ్యుడు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. ఆంధ్ర ప్రాంతమున 1955లోనే ఎన్నికలు జరిగియుండుటచేత, 1957లో శాసనసభకు తెలంగాణ ప్రాంతమున మాత్రమే ఎన్నికలు జరిపినారు. కమ్యూనిస్టులు ఇక్కడ పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పేర, అనగా పి.డి.ఎఫ్. పేర పోటీ చేసినారు. ఆ ఎన్నికలలో చొప్పదండి ఓటర్లు రాజేశ్వరరావు గారిని గెలిపించి హైదరాబాదుకు పంపినారు. అప్పటికి ఆయన వయస్సు 33 ఏండ్లు.

నాటి చొప్పదండిని ఒకసారి తలచుకొనుడు. చల్క నేలలలో జొన్న, ఆముదము, నువ్వులు, కంది. చెరువు కింద, బావి కింద మాత్రమే వరి. మోటకొట్టు ఎడ్లే మన పంపుసెట్లు. మత్తడి దుంకిన ఏడు అన్నము, దుంకని ఏడు పస్తు. ఇట్టి రైతులు ఒక మనిషిని ఎన్నుకొని పంపినపుడు వారి చేతి మూటలో ఉన్న కోరికలు రెండే. ఒకటి భూమి, రెండవది నీరు.

ఆ అయిదేండ్ల సభలోనే రెండు ముఖ్యమైన చట్టములు వచ్చినవి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టము వచ్చినది. 1961లో వ్యవసాయ కమతములపై గరిష్ఠ పరిమితి చట్టము వచ్చినది. మొదటిది పాలనను పల్లె చెంతకు తెచ్చినది. రెండవది ఒక మనిషి వద్ద ఎంత భూమి ఉండవచ్చునన్న ప్రశ్నను ఈ రాష్ట్రమున చట్టము ముందు నిలిపినది.

ఒక కారు లోపల, ఒక కారు వెలుపల

చొప్పదండి తరువాత రాజేశ్వరరావు గారి స్థానము సిరిసిల్ల. అక్కడి నుండి 1967, 1978, 1985, 1994 సంవత్సరములలో భారత కమ్యూనిస్టు పార్టీ తరఫున, 2004లో తెలుగుదేశము తరఫున గెలిచినారు. చొప్పదండితో కలిపి ఆరు పర్యాయములు సభ్యులైనారు.

ఈ సంవత్సరములను ఒక కాగితము మీద వరుసగా వ్రాసి చూడుడు. 1957 నుండి 2004 వరకు 11 సారులు శాసనసభ ఎన్నికలు జరిగినవి. అవి 1957, 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004. వీనిలో మొదటిది, మూడవది, అయిదవది, ఏడవది, తొమ్మిదవది, పదకొండవది ఆయనవి. నడుమ అయిదు సభలలో ఆయన లేరు. వరుసగా రెండు సభలలో ఒక్క మారైనను కూర్చుండలేదు. మొదటి గెలుపు నుండి చివరి సభ ముగియు వరకు 52 ఏండ్ల కాలములో సుమారు 30 ఏండ్లు లోపల, మిగిలిన కాలము వెలుపల.

ఒక పంట పోయినదని రైతు నాగలి అటక మీద పెట్టడు. వచ్చే కారుకు మరల దుక్కి దున్నును. ఈ సభ్యుని జీవితము కూడ అట్టిదే. సభలో స్థానము లేని ప్రతి కాలమునకు పిమ్మట మరల ఓటర్ల ముందుకే పోయినారు. చివరి సారి గెలిచినపుడు ఆయన వయస్సు 80 ఏండ్లు. ఓటర్లు కూడ ఎవరికిని ఆ స్థానమును శాశ్వత పట్టా చేసి ఇయ్యలేదు. ఇచ్చినారు, తీసికొన్నారు, మరల ఇచ్చినారు. ఈ రెండు ఓర్పులును ప్రజాస్వామ్యమునకు ఎరువు వంటివి.

ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. రైతుకు పనికివచ్చిన చట్టములు కొన్ని ఆయన లోపల ఉన్నపుడు వచ్చినవి, కొన్ని వెలుపల ఉన్నపుడు వచ్చినవి. భూమి హక్కుల రికార్డు చట్టము 1971లో వచ్చినది. అపుడు ఆయన సభ్యులు. కుటుంబమునకు నేలను బట్టి తరిభూమి 10 నుండి 27 ఎకరములు, మెట్టభూమి 35 నుండి 54 ఎకరములు అని హద్దు పెట్టిన భూసంస్కరణల చట్టము 1973లో వచ్చినది. అపుడు ఆయన సభ్యులు కారు. 1984లో పటేలు, పట్వారీ పద్ధతి రద్దైనది, అపుడును కారు. సాగునీటి వ్యవస్థలను రైతుల సంఘములకు అప్పగించిన చట్టము 1997లో వచ్చినది. అపుడు ఆయన సభ్యులు. ఏ చట్టమును ఒక్క సభ్యుని వలన రాదు. లోపల వాదించువారు, వెలుపల ఒత్తిడి పెట్టువారు, ఇరువురును కలిసినప్పుడే వచ్చును.

చట్టము పుట్టు చోటు, బ్రతుకు చోటు

ఇక ఆ వృద్ధ రైతు ప్రశ్నకు వత్తము.

కౌలుదారుకు రక్షణ ఇయ్యవలెనన్న మాట కొత్తది కాదు. 1950లోనే హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చినది. చట్టమున చెప్పిన కాలములో ఆరేండ్లకు తగ్గకుండ ఎడతెగక దున్నినవానికి రక్షిత కౌలుదారు అను హోదా ఇచ్చినది. అతనిని ఇష్టము వచ్చినట్లు వెళ్లగొట్టరాదు. తరువాత ఆ చట్టములోని 38-ఇ సెక్షను క్రింద అట్టివారికి యాజమాన్య పత్రములు కూడ ఇచ్చినారు. దేశములో ఆ నాటికి వచ్చిన కౌలు చట్టములలో ఇది గట్టిదని పేరు పొందినది.

కాని చట్టము హైదరాబాదులో పుట్టినను, బ్రతుకవలసినది ఊరిలో. రక్షిత కౌలుదారుల జాబితాలో పేరు ఎక్కినవానికి హక్కు దక్కినది. దున్నుచున్నను పేరు ఎక్కనివానికి దక్కలేదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో అనుభవదారు గడిలో ఎవరి పేరు పడినదో, దానిని బట్టి మనుమల కాలము వరకు వ్యాజ్యములు నడిచినవి. ఒక గడిలో ఒక పేరు. దాని విలువ ఒక కుటుంబము బ్రతుకు.

ఈ తగవులు ఎంత దూరము పోగలవో ఈ ప్రాంతమునకు తెలియును. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినారు. ఆ ఏడే రాజేశ్వరరావు గారు సిరిసిల్ల నుండి మరల సభ్యులైనారు. చొప్పదండిని లెక్కించిన యెడల మూడవసారి, సిరిసిల్లను మాత్రమే లెక్కించిన యెడల రెండవసారి. భూమి, వెట్టి, పాలేరు జీతము, ఇవే ఆనాటి తగవులు. పుస్తకములో తీరవలసిన లెక్క పుస్తకములో తీరనపుడు వీధికి ఎక్కినది.

కాగితమునకు జంకి నేలను పాడుచేసికొనుట

1950 చట్టము వలన మేలు పొందినవారు ఉన్నారు. కాని దాని నీడ ఒకటి నేటికిని మన పొలముల మీద ఉన్నది. కౌలు కాగితము వ్రాసి ఇచ్చిన యెడల భూమి చేయిజారునని పట్టాదారులకు జంకు. అందుచేత నోటి మాట కౌలే ఎక్కువ. కొందరు ఏడాదికొక కౌలుదారుని మార్చుచున్నారు.

దీని వలన నష్టము కౌలుదారునికి మాత్రమే అని తలచుట పొరపాటు. మా శాఖ వారు ఊరూర చెప్పు మాటలను ఒకసారి గుర్తు చేసికొనుడు.

ఎకరమునకు 4 టన్నుల పశువుల ఎరువు వేయుడని చెప్పుదుము. ఆ ఎరువులోని సారము మొదటి పంటకు కొంత మాత్రమే అందును. మిగిలినది తరువాతి పంటలకు అందును. వచ్చే ఏడు ఆ మడి తనకు ఉండునో ఉండదో తెలియని కౌలుదారు దానిని ఎందుకు వేయును?

చెరువు పూడిక మట్టిని చల్క నేలలకు తోలుడని చెప్పుదుము. ఆ మట్టి నేలకు తేమ పట్టు శక్తి ఇచ్చును. దాని ఫలము కొన్ని ఏండ్లు నిలుచును. తోలుటకైన బాడుగ మాత్రము మొదటి ఏడే చేతి నుండి పోవును.

వరిలో జింకు లోపము రాకుండ మూడు పంటలకు ఒకసారి ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయుడని చెప్పుదుము. ఒక్క పంటకే మడి పట్టినవాడు మూడు పంటల మందు వేయడు. జీలుగ, జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నుడని చెప్పుదుము. నాటుకు పది దినముల ముందు కౌలు మాట కుదిరినవానికి జీలుగ చల్లు వ్యవధి ఎక్కడిది?

కాబట్టి అతడు ఏమి చేయును? ఈ కారుకు ఈ కారు పచ్చబడు యూరియా బస్తాలు వేయును. నేల మీద గట్టిపడి, లోపల సారము తగ్గిపోవును. పదేండ్ల తరువాత పట్టాదారు చేతికి వచ్చునది పేరుకు అదే సర్వే నంబరు, సారమునకు వేరే నేల. కౌలుదారుకు కాగితము లేకుండుట నేల జబ్బు కూడ అని నేను చెప్పుటకు కారణము ఇదియే.

2018 మే 10న మన జిల్లాలోని హుజూరాబాదు మండలము శాలపల్లిలో రైతుబంధు పథకమును ప్రారంభించినారు. ఎకరమునకు కారుకు 4,000 రూపాయల చొప్పున సాయము ఇచ్చిన ఆ పథకము పట్టాదారుల జాబితాను ఆధారముగా తీసికొన్నది. జాబితాలో లేని కౌలుదారుకు ఆ సాయము అందలేదు. 1957లో చొప్పదండి ఓటరు సభకు పంపిన ప్రశ్న, రూపము మార్చుకొని, మన గట్టు మీదనే నిలిచి ఉన్నదని దీనిని బట్టి తెలియును.

రెండవ కోరిక : నీరు

భూమి ప్రశ్న సగము తీరి సగము మిగిలినది. నీటి ప్రశ్న మాత్రము చాల దూరము నడిచినది. 1963 జులై 26న పోచంపాడు వద్ద గోదావరిపై ప్రాజెక్టుకు ప్రధాని నెహ్రూ గారు పునాదిరాయి వేసినారు. నేడు దానిని శ్రీరాంసాగరు అందుము. దాని కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. కరీంనగరు వద్ద దిగువ మానేరు జలాశయము చేరువరకు 146 కిలోమీటర్లు. ఇప్పటి చొప్పదండి నియోజకవర్గములోని బోయినపల్లి మండలము మాన్వాడ వద్ద మధ్య మానేరు జలాశయము వెలసినది. రామడుగు మండలము లక్ష్మీపురము వద్ద నేల అడుగున కట్టిన పంపుల ఇంటి నుండి 2019 ఆగస్టులో గోదావరి నీటిని ఎత్తి పోసినారు. మోట కొట్టిన తాత మనుమడు కాలువ తూము తెరచుట చూచినాడు. ముంపులో ఊరు, భూమి పోగొట్టుకొన్నవారి త్యాగమును కూడ ఈ సందర్భమున మరువరాదు.

పునాదిరాయి పడిన నాడు సభలో ఉన్నవారు వేరు. కాలువ త్రవ్విన నాడు ఉన్నవారు వేరు. నీరు వచ్చిన నాడు ఉన్నవారు వేరు. నీరు అను పంటకు కాలపరిమితి ఒక శాసనసభ కన్న ఎక్కువ. విత్తినవాడే కోయవలెనని పట్టుబట్టిన యెడల ఏ ప్రాజెక్టును మొదలుగాదు.

ఇచట రాజేశ్వరరావు గారి తమ్ముడు ఆచార్య సి.హెచ్. హనుమంతరావు గారిని తలచుకొనవలెను. ఆయన సభ దారి పట్టక, వ్యవసాయ ఆర్థిక శాస్త్రము చదివి, ప్రణాళికా సంఘ సభ్యులైనారు. కరువు ప్రాంతముల అభివృద్ధిపై ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో ఇచ్చిన సూచనలను అనుసరించి దేశమంతట వాటర్‌షెడ్ పనులకు కొత్త నియమములు వచ్చి, 1995 ఏప్రిల్ నుండి అమలైనవి. సుమారు 500 హెక్టార్ల పరివాహకమును ఒక యూనిటుగా తీసికొని, పనులను ఆ ఊరి ప్రజల సంఘమే చేయించవలెనన్నది వాని సారము. మన మెట్ట పొలములలోని కట్టలు, చెక్‌డ్యాములు, ఊట కుంటలు అనేకము ఆ పద్ధతిలో వచ్చినవే. మరొక తమ్ముడు శ్రీ సి.హెచ్. విద్యాసాగరరావు గారు భారతీయ జనతా పార్టీ తరఫున మెట్‌పల్లి శాసనసభ్యులుగా, కరీంనగరు లోక్‌సభ సభ్యులుగా ఉండి, 2014 నుండి 2019 వరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసినారు. ఒకే ఇంటి ముగ్గురు మూడు దారులు పట్టినారు. ప్రజాసేవకు దారి ఒక్కటే కాదని దీని భావము.

శాసనసభ్యుడు చేయగలిగినది, చేయలేనిది

ఇప్పుడు ఆ పెద్దయ్య ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుదును.

శాసనసభ్యుడు భూమి రికార్డులో పేరు వ్రాయలేడు, కొట్టివేయలేడు. అది రెవెన్యూ అధికారుల పని. ఒకవేళ సభ్యుడు చెప్పినంతనే పేరు మారిపోవు రోజు వచ్చిన యెడల, రేపు మరొకడు చెప్పి మీ పేరు తీసివేయించును. కాబట్టి ఆ అధికారము ఆయనకు లేకుండుటయే మీకు రక్షణ.

ఆయన చేయగల పనులు వేరే ఉన్నవి. రికార్డులో కౌలుదారుకు గడి ఉండవలెనా వద్దా అను నియమమును చేయునది శాసనసభ. బిల్లు వచ్చినపుడు సవరణ అడుగవచ్చును. మంత్రిని ప్రశ్న అడిగి, జవాబును సభ రికార్డులో ఎక్కించవచ్చును. బడ్జెటు పద్దుల మీద మాట్లాడవచ్చును. కాలువ నీరు ఎప్పుడు విడువవలెనో తేల్చు సలహా సమావేశములలో చివరి తూము రైతు మాట చెప్పవచ్చును. తహశీలుదారునకు, కలెక్టరునకు వ్రాసి, ఆగిన అర్జీని కదిలించవచ్చును.

ఈ పనులన్నిటికి ముడిసరుకు మీ చేతిలో ఉన్నది. "మా ఊరికి అన్యాయము జరుగుచున్నది" అన్న మాటతో సభలో ఏ ప్రశ్నయు తయారుకాదు. "ఫలానా గ్రామము, ఫలానా సర్వే నంబర్లలో ఇంతమంది కౌలుదారులు, ఇన్ని ఎకరములు, ఫలానా తేదీన అర్జీ పెట్టినారు, నేటికి జవాబు లేదు" అన్నచో తయారగును. కనుక అర్జీ వ్రాయునపుడు ఈ క్రింది వానిని మరువకుడు.

1. గ్రామము, మండలము, సర్వే నంబరు, విస్తీర్ణము, పంట స్పష్టముగా వ్రాయవలెను.

2. ఎన్నేండ్ల నుండి దున్నుచున్నారో వ్రాసి, కౌలు చెల్లించిన రసీదులు, విత్తనము, ఎరువు కొన్న బిల్లులు, ధాన్యము అమ్మిన చీటీలు జతపరచవలెను. మూల పత్రములు ఇంటనే ఉంచుకొని నకళ్లు మాత్రమే ఇయ్యవలెను.

3. మొదట గ్రామాధికారికి, పిమ్మట తహశీలుదారునకు, అచట కదలనిచో ప్రజావాణిలో కలెక్టరునకు ఇయ్యవలెను. ఇచ్చిన ప్రతి చోట తేదీతో రసీదు అడుగవలెను.

4. ఈ రసీదులన్నియు పట్టుకొని శాసనసభ్యుని వద్దకు పోవలెను. ఒక్కరుగా పోవుట కన్న, ఒకే తీరు కష్టమున్న పదిమంది జాబితాతో పోవుట మేలు.

పట్టాదారులకును ఒక మనవి. 2011లో లైసెన్సు పొందిన సాగుదారుల చట్టము వచ్చినది. దాని ప్రకారము కౌలుదారుకు ఇచ్చు రుణార్హత కార్డు ఒక్క సంవత్సరము కొరకే. దాని వలన భూమిపై యజమాని హక్కునకు భంగము లేదు. తరువాతి ఏండ్లలో తెలంగాణలో ఈ కార్డుల పంపిణీ సన్నగిల్లినను, చట్టములోని భావము మంచిది : దున్నువానికి అప్పు పుట్టవలెను, యజమానికి భయము పోవలెను. ఈ భావముతో మీరు ఇరువురును కూర్చుండి, మూడేండ్లకు తగ్గకుండ కౌలు మాట కుదుర్చుకొనుడు. అందులో పశువుల ఎరువునకు, పూడిక మట్టికి అయిన ఖర్చు ఎవరు ఎంత భరింపవలెనో వ్రాసికొనుడు. కౌలుదారు నేలను బాగుచేయును. బాగుపడిన నేల మీదే.

గ్రామాధికారులకు

మిత్రులారా, ఈ జీవితకథలో మన పాత్ర చిన్నది కాదు. ఒక సభ్యుడు 30 ఏండ్లు సభలో కూర్చుండి, చట్టములు చేయుటలో పాల్గొన్నను, ఆ చట్టము ఆ ముసలి రైతు మడి వరకు పోవు చివరి మైలు మనది. కాలువలో నీరు నిండుగ ఉండి, చివరి తూము మూసి ఉన్న యెడల ఆయకట్టు ఎండును. చట్టమునకు మనము ఆ తూము వంటివారము.

పొలమునకు పోయినపుడు పట్టాదారు పేరుతో పాటు, దున్నుచున్నది ఎవరో అడిగి మన పుస్తకములో వేరుగా వ్రాసికొందము. ఏ ఉత్తరువును అట్లు వ్రాసికొనవద్దని చెప్పలేదు. పురుగు సోకినపుడు, వడగండ్లు పడినపుడు, మందు చెప్పవలసినది, నష్టము లెక్క కట్టవలసినది ఆ మనిషి పంటకే. రేపు సభలో ఈ ప్రశ్న వచ్చి, "మీ గ్రామమున కౌలుదారులు ఎందరు?" అని పైనుండి అడిగిన నాడు మన వద్ద జవాబు ఉండవలెను.

ముగింపు

రాజేశ్వరరావు గారు 2016 మే 9న, 92 ఏండ్ల వయస్సులో పరమపదించినారు. ఆయనను మొదట సభకు పంపిన చొప్పదండి, 2009 ఎన్నికల నుండి షెడ్యూల్డు కులముల వారికి కేటాయించిన స్థానమైనది. 2014లో శ్రీమతి బొడిగె శోభ గారు ఇచటి నుండి సభకు ఎన్నికైనారు. ఒకనాడు వెట్టి చేసిన వాడల నుండి నేడు చట్టము చేయు సభ్యులు వచ్చుచున్నారు. ఇది చిన్న మార్పు కాదు. దున్నువాని పేరు కాగితము మీదకు వచ్చుట మాత్రము ఇంకను మిగిలిన పని.

ఆ తరువాతి కారు మరల ఆ పల్లెకు పోయినాను. పెద్దయ్య అదే మడిలో ఉన్నాడు. ఈసారి నేనే ముందు అడిగి, ఆయన పేరు, దున్నుచున్న సర్వే నంబరు, విస్తీర్ణము నా పుస్తకములో వ్రాసికొన్నాను. అది హక్కు పత్రము కాదని చెప్పినాను. ఆయన పుస్తకము వంక చూచి, "రాసిండ్రు గద. ఎవరన్న అడుగుతె ఉంటది" అన్నాడు.

అడుగువారు ఉండవలెను. ఊరిలో రైతు అడుగవలెను, సభలో సభ్యుడు అడుగవలెను. అడిగిన నాటికి లెక్క సిద్ధముగా ఉంచుట మన పని.